మొఖం చూసి రాసిన వయసు

ఆ బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకు జాహేదా బేగం నలభై ఒక్క ఏళ్ళ మనిషికి అరవై ఆరేళ్ళు రాసింది. సిరా ఆరాలని అంకె మీద ఒకసారి ఊదింది. వయసు మళ్ళినవాళ్ళకు టిక్కెట్టులో రాయితీ ఇచ్చే గడి ఒకటుంటే, పుణ్యం వస్తుందని అందులో కూడా టిక్కు పెట్టింది. ఆ మనిషి కాగితం చదవకుండా కింద సంతకం పెట్టి, రెండు చేతులూ జోడించి, స్టేషన్ మరుగుదొడ్డి వైపు పరుగు తీసింది. రిజర్వేషన్ గుమస్తా అంజయ్య కాగితం చూశాడు. అద్దంలోంచి ఆ మనిషి పోయిన దిక్కు చూశాడు. తెల్లటి జుట్టు కనబడింది. టిక్కెట్టు కొట్టాడు. ఎవరి పని వాళ్ళు సక్రమంగా చేశామన్న తృప్తి ముగ్గురికీ ఉంది.

ఏ స్టేషనో చెప్పడం లేదు. పాలమూరు జిల్లాలోది, అంతవరకే. అక్కడ పనిచేసినవాళ్ళు ఇంకా పెన్షన్లు తీసుకుంటున్నారు, వాళ్ళ జోలి మనకెందుకు. సంవత్సరం మాత్రం 1999, ఏప్రిల్ నెల, పొద్దున తొమ్మిదికే రైలు పట్టాలు కండ్లు చెదిరేట్టు మెరిసే రోజులు.

జాహేదాది కోస్గి. ఏడో తరగతి దాకా చదివింది. పెళ్ళయి ఈ ఊరొచ్చింది. పెనిమిటి అహ్మద్ అలీ గూడ్స్ షెడ్డులో హమాలీ. ఎనభై ఆరులో ఒక సిమెంటు బస్తాల వ్యాగను కాడ గుండె పట్టుకుని కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. ఆయనకు రావాల్సిన కాగితాల కోసం ఆమె స్టేషన్ చుట్టూ ఆరు నెలలు తిరిగింది. ఆ కాగితాలు రాలేదు గానీ కాగితాలు నింపడం వచ్చింది. వరుసలో నిలబడినవాళ్ళు "అమ్మా, జర నాది గూడ రాస్తవా?" అని అడగడం, ఆమె రాయడం, వాళ్ళు రూపాయో అర్ధరూపాయో చేతిలో పెట్టడం, అట్లా మొదలైంది. పన్నెండేళ్ళుగా రిజర్వేషన్ కిటికీ పక్క వరండాలో ఒక స్టూలు, ఒడిలో ఒక పరీక్ష అట్ట, చెవి మీద ఒక పెన్ను. కూర్చుని కూర్చుని మోకాళ్ళు పట్టేశాయి. ఇప్పుడు లేవాలంటే ముందు గోడ, తర్వాత అల్లా.

ఆమె రాసిన ఫారం ఒక్కటి కూడా తిరిగి రాలేదని పేరు. అందుకు కారణం, ఆమె ఏ గడీ ఖాళీగా వదలదు. ఖాళీ గడి కనబడితే గుమస్తాలకు ఎక్కడ లేని ఓపికా వచ్చేస్తుంది, కాగితం విసిరేయడానికి. అందుకని ఆమె అన్నీ నింపుతుంది. వాటిలో తంటా పెట్టే గడి వయసుది.

మొదట్లో అడిగేది. "అవ్వా, నీకెన్నేండ్లు?" అని అడిగితే అవ్వ వయసు చెప్పదు, కథ చెబుతుంది. "రజాకార్ల గడిబిడిల మా అమ్మ నన్ను సంకనేసుకొని గుట్టల పొంటి ఉరికిందంట." అంటే అప్పటికి నలభయ్యో నలభై ఒకటో. "డెబ్బై రెండు కరువుల నా నడిపి కొడుకు పాలు తాగుతున్నడు." అంటే కొడుక్కు పదిహేడు, దాని మీద తల్లికి ఎంత వేయాలో జాహేదా ఇష్టం. ఒక్కొక్క వయసుకు పది నిమిషాలు. వెనకాల వరుస గునుస్తుంది, బండి టైమవుతుంది. మొగుడు పక్కన ఉంటే ఇంకో రకం. ఆలి వయసు తాను చెబుతాడు, ఆలి కాదంటుంది, ఇద్దరికీ అక్కడే తగువు. మూడేళ్ళు ఈ బాధ పడి జాహేదా అడగడం మానేసింది. చేతుల కణుపులు చూసేది, మెడ చూసేది, జుట్టు చూసేది. అంకె వేసేది. ఎడ్ల అంగడిలో పళ్ళు చూసి చెప్పినట్టు చెప్పేది. ఆమె ఎంత రాస్తే అంత. కొందరు ఇంటికి పోయి, "స్టేషన్ కాడి తుర్కమ్మ నాకు యాభై నాలుగు రాసింది" అని గర్వంగా చెప్పుకునేవారు. ఆ తర్వాత రేషన్ కార్డులో కూడా అదే రాయించుకునేవారు.

ఆ బుధవారం వచ్చిన మనిషి పేరు హెండ్రికా. హాలండు దేశస్థురాలు. ఆలంపూర్ గుళ్ళు చూసి వస్తూ దారిలో ఏదో తిన్నది. ఆ తిన్నది ఆమెను నాలుగు రోజుల పాటు స్టేషన్ ఎదుటి లాడ్జీలో కట్టి పడేసింది. అయిదో రోజున చేతికర్ర ఒకటి పట్టుకుని వరండా మెట్లెక్కింది. కండ్లు లోపలికి పోయాయి. ఎండకు మొఖం మీద గీతలు పడ్డాయి. జుట్టు ఎండిన జొన్న చొప్ప రంగు, దాని మీద ఆలంపూర్ దుమ్ము. జాహేదా ఎరిగిన జుట్లు మూడే రంగులు: నలుపు, తెలుపు, గోరింటాకు ఎరుపు. ఇది నలుపు కాదు, ఎరుపు కాదు. ఆపైన చేతికర్ర. అరవై ఆరు అన్నది జాహేదా లెక్కలో కాస్త తగ్గించి వేసిన అంకే.

హెండ్రికాకు హిందీ వచ్చు. పుస్తకం పెట్టుకుని నేర్చుకున్న హిందీ. రేడియోలో వార్తలు చదివేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ ఆ హిందీ నోట రాదు. తెలుగులో చెప్పాలంటే ఇట్లా ఉంటుంది:

"నమస్కారము. నాకు శుక్రవారము సాయంత్రము బెంగళూరు వెళ్ళుటకు ఒక శయ్య కావలెను."

జాహేదా ఆమె మొఖం కేసి చూసింది. "శయ్య దొరుకుతది కూసో అమ్మా. ముందుగాల నువ్వు పడిపోకుంట కూసో."

అప్పుడు తెలిసింది సంగతి. హెండ్రికాకు మార్తా అని ఒక అక్క. మార్తా శనివారం పొద్దున పదింటికి బెంగళూరులో విమానం దిగుతుంది. పుట్టినూరు దాటి ఎరుగదు. ఇంగ్లీషు కూడా అంతంత మాత్రం. మూడేళ్ళు బతిమాలితే చెల్లెలి కోసం బయలుదేరింది, ఒక్క షరతు మీద: విమానాశ్రయం తలుపు దగ్గర చెల్లెలు నిలబడి ఉండాలి. శుక్రవారం బండి తప్పితే శనివారం ఆ తలుపు దగ్గర ఎవరూ ఉండరు. బస్సులో పోవచ్చు కదా అంటే, పది గంటల బస్సు ప్రయాణానికి ఒప్పుకునే స్థితిలో హెండ్రికా కడుపు లేదు. రైలయితే డబ్బాకు నాలుగు మరుగుదొడ్లు.

కింది బెర్తు దొరికింది. జాహేదా దానికీ సంతోషించింది.

గురువారం సాయంత్రం హెండ్రికా మళ్ళీ వచ్చింది. వరండాలో ఎవరూ లేరు, కిటికీ మూసేశారు, జాహేదా స్టూలు ఎత్తి గోడకు ఆనించి ఇంటికి పోవడానికి మోకాళ్ళను బతిమాలుతోంది.

"జాహేదా గారూ, నా వద్ద సెల్లు యంత్రము కలదు. దానిలో వేయు కార్డు లేదు. లాడ్జీ ఫోను పనిచేయుట లేదు. బయలుదేరు వరకు నా సోదరి నన్ను పిలుచుటకు వీలు కలుగవలెను."

"రేపు పొద్దున జూద్దం తియ్యి" అనాలనుకుంది జాహేదా. నోటి దాకా వచ్చింది. హెండ్రికా వరండా స్తంభాన్ని పట్టుకుని నిలబడిన తీరు చూసి మింగేసింది.

స్టేషన్ రోడ్డులో రజాక్ దుకాణం. నిన్నమొన్నటి దాకా ఎస్టీడీ బూత్. ఊళ్ళో టవర్ లేచి రెండు నెలలయింది, రజాక్ పాత బోర్డు పక్కన కొత్త బోర్డు వేలాడగట్టాడు. జాహేదాకు వరుసకు తమ్ముడు.

"రా ఆపా, కూసో. ఎవర్ని తోలుకొచ్చినవ్?"

"పరదేశి మనిషి. సెల్లు కార్డు గావాల్నంట. జల్దీ జేసియ్యి, నిలబడేటట్టు లేదు."

రజాక్ ఫారం తీశాడు. "ఊర్ల అడ్రస్ లేనిది ఇయ్యరు ఆపా. ఎవరన్న జిమ్మెదారీ ఉండాలె."

"నాది రాయి. కరెంటు బిల్లు రేపు తెచ్చిస్త."

"బిల్లు బావ పేరు మీదనే ఉన్నది గద ఇంక?"

"సచ్చిపోయినోని పేరు మీదనే బిల్లు మంచిగొస్తది. కట్టకుంటే ఆయన్నే అడగమను" అంది జాహేదా. పెన్ను చెవి మీంచి తీసి తానే నింపడం మొదలుపెట్టింది. అలవాటు. పేరు రాసింది, ఇల్లు రాసింది, వయసు గడిలో మళ్ళీ అరవై ఆరు వేసింది. ఒక కాగితంలో రాసిన అంకెను ఇంకో కాగితంలో మార్చకూడదన్నది ఆమె వృత్తి ధర్మం.

రజాక్ పాస్‌పోర్టు విప్పి, ఫారం పక్కన పెట్టి, వేలు పెట్టి చదివాడు. మళ్ళీ చదివాడు.

"ఆపా. ఈమె పుట్టింది యాభై ఎనిమిదిల."

జాహేదా వేళ్ళ మీద లెక్కేసింది. ఒక చేతి వేళ్ళు అయిపోయాయి, రెండో చెయ్యి ఎత్తింది. కిందికి దించింది.

"నలభై ఒకటా?"

"నాకంటే రెండేండ్లు చిన్నది" అన్నాడు రజాక్. అతని జుట్టు నల్లగా నిగనిగలాడుతోంది. అది ఏ డబ్బాలోంచి వచ్చిందో జాహేదాకు తెలుసు.

ఏమయిందని హెండ్రికా అడిగింది. రజాక్ తనకు వచ్చిన ఇంగ్లీషులో, వేలితో గడి చూపించి చెప్పాడు. హెండ్రికా ఆ అంకె చూసింది. దుకాణంలో అద్దముంటే అందులోకి చూసింది. చెయ్యి పైకెత్తి జుట్టు సవరించుకుంది.

"నేను అంత వృద్ధురాలి వలె ఉన్నానా?"

జాహేదా కండ్లు కిందికి వేసుకుంది. "కడుపు ఖరాబైతే ఎవలన్న గట్లనే ఉంటరు బిడ్డా" అంది. 'అమ్మా' పోయి 'బిడ్డా' వచ్చిన సంగతి రజాక్ ఒక్కడే గమనించి మీసాల్లో నవ్వాడు.

ఫారం చింపి ఇంకోటి నింపారు. కార్డు వేశారు. రజాక్ నియమాలు చెప్పాడు: దుకాణంలో సిగ్నల్ ఉండదు, స్టేషన్ పాదచారుల వంతెన మూడో మెట్టు మీద మంచిగా వస్తుంది. బండి రాష్ట్రం సరిహద్దు దాటిందా, ఇక కార్డు అక్కరకు రాదు. హెండ్రికా అన్నిటికీ తలూపింది. అక్కకు నంబరు చెప్పాలని వంతెన వైపు పోయింది.

జాహేదా మాత్రం కదల్లేదు. చింపిన ఫారం ముక్కలు బల్ల మీద ఉన్నాయి. ఇది ప్రైవేటు కాగితం, చింపితే పోయింది. ఇంకో కాగితం ఉంది. అది హెండ్రికా సంచిలో ఉంది, సర్కారుది. దాని మీద అచ్చులో అరవై ఆరు అని ఉంది, రాయితీ పోగా మిగిలిన రేటు ఉంది.

"రజాకూ, బండ్ల టీసీ పాస్‌పోర్టు అడుగుతడా?"

"తెల్లోళ్ళను అడగకుంట ఇంకెవల్ని అడుగుతరు ఆపా?"

శుక్రవారం కిటికీ తెరవగానే జాహేదా అంజయ్య ముందు నిలబడింది. ఆమె అట్లా కిటికీ ఇవతల వరుసలో నిలబడడం పన్నెండేళ్ళలో అదే మొదలు. వెనకాల హెండ్రికా బల్ల మీద కూర్చుని ఉంది.

"సారూ, ఒక తప్పయింది."

"ఎవరిది?" అన్నాడు అంజయ్య. గుమస్తాకు తప్పు ఏమిటన్నది రెండో ప్రశ్న.

"నాదే. గామె వయసు తప్పు రాసిన. అరవై ఆరు కాదంట, నలభై ఒకటంట."

అంజయ్య కళ్ళజోడు పైకి తోసి హెండ్రికాను చూశాడు. ఈసారి సరిగ్గా చూశాడు. "ఏడాదో రెండేండ్లో అటిటు అయితే ఏమో అనుకోవచ్చు జాహేదమ్మా. ఇరవై అయిదేండ్లా? గంతల ఒక మనిషి పుట్టి, పెరిగి, పెండ్లి గూడ జేసుకుంటడు."

"నువ్వు గూడ చూస్తివి గద సారూ, అద్దంల నుంచి."

"నేను చూసింది జుట్టు. వయసు రాసే పని నాది గాదు."

"మిగిలిన పైసలు గట్టి టిక్కెట్టు సాఫ్ జేస్తె?"

"టిక్కెట్టు మీద వయసు మార్చుడనేది లేదు. రద్దు జేసి కొత్తది తీసుకోవాలె." అతను మీటలు నొక్కి తెర చూశాడు. "గీ పొద్దు బండికి వెయిటింగు నూట పన్నెండు."

హెండ్రికా లేచి వచ్చింది. విషయం సగం అర్థమైంది, మిగతా సగం వాళ్ళ మొఖాలు చెప్పాయి. "నేను సాధారణ పెట్టెలో వెళ్ళెదను. నిలబడి వెళ్ళెదను" అంది. ఒక చెయ్యి కౌంటర్ మీద, ఒక చెయ్యి కడుపు మీద. శుక్రవారం సాయంత్రం జనరల్ పెట్టెలో మరుగుదొడ్డిలో కూడా నలుగురు కూర్చుని పోతారు. జాహేదాకు తెలుసు, అంజయ్యకూ తెలుసు. ఇద్దరూ ఆమెకు చెప్పలేదు.

"ఇంకో తొవ్వ లేదా సారూ?"

అంజయ్య కాసేపు పెన్ను మూత తీసి పెట్టాడు, తీసి పెట్టాడు. చెడ్డవాడు కాదు. రిటైర్మెంటుకు ఏడాదిన్నర ఉన్నవాడు, అంతే.

"ఉన్నది. తేడా కట్టించుకొని, టిక్కెట్టు వెనక స్టేషన్ మాస్టరు ముద్ర గొట్టి రాసియ్యొచ్చు. గాని నాకొక కాయితం గావాలె. ప్యాసింజరు అబద్ధం జెప్పలే, ఫారం రాసినోళ్ళు అడగకుంట రాసిన్రు అని. రాసినోళ్ళ పేరు, సంతకం. అది డివిజన్ ఆఫీసుకు పోతది."

"పోతె?"

అతను గొంతు తగ్గించాడు. "జాహేదమ్మా, పన్నెండేండ్ల సంది నువ్వు గీడ కూసున్నట్టు ఏ కాయితంల లేదు. వచ్చినోళ్ళంత నిన్ను చూస్తరు గాని ఎవ్వరికీ కనబడవు. ఇయ్యాల సంతకం పెడితె కాయితంల ఉంటవు. ఉన్నవంటే, ఎందుకున్నదని అడుగుతరు. తీసెయ్యమంటరు."

జాహేదా కిటికీ ముందు నుంచి పక్కకు తప్పుకుంది. వరండాలోకి వచ్చి తన స్టూలు మీద కూర్చుంది. ఫ్యాను లేని చోటు, కానీ పొద్దున పదకొండు దాకా నీడ ఉంటుంది, మధ్యాహ్నం గూడ్సు బండి పోతే కాస్త గాలి వస్తుంది. కుళాయి పది అడుగుల్లో. కిటికీలో ఎవరు కూర్చున్నదీ ఇక్కణ్ణుంచే కనబడుతుంది. గోడకు ఆమె వీపు ఆనే చోట సున్నం పోయి నున్నగా అయింది. ఏం జేస్తం, అనుకుంది. సంతకం పెట్టకపోతే ఏమవుతుంది? ఆ మనిషి ఎట్లాగో పోతుంది. పోలేకపోతే ఉండిపోతుంది. రేపటికి మరిచిపోతాం. లోకంలో బండ్లు తప్పినవాళ్ళు ఎంతమంది లేరు.

అప్పుడే హెండ్రికా సంచిలో ఫోన్ మోగింది. మోగి, ఆగిపోయింది. హెండ్రికా సంచీ పట్టుకుని వంతెన మెట్ల వైపు నడిచింది, కర్ర మరిచిపోయింది. జాహేదా కర్ర తీసుకుని వెనకాలే పోయింది, గోడ పట్టుకుంటూ. మూడో మెట్టు మీద హెండ్రికా నిలబడింది, రెండో మెట్టు మీద జాహేదా కూలబడింది. ఫోన్ మళ్ళీ మోగింది. అవతలి గొంతు మెట్టు కిందికి కూడా వినబడుతోంది. ఏ భాషో తెలియదు. కానీ భయానికి తర్జుమా అక్కర్లేదు. అవతలామె ఒకే ముక్కను మళ్ళీ మళ్ళీ అడుగుతోంది, ఈమె మళ్ళీ మళ్ళీ 'యా, యా' అంటోంది.

"ఏమంటది?"

"ఆమె ఇల్లు విడిచి బయలుదేరుచున్నది. ఇక మాట్లాడుట కుదరదు." హెండ్రికా మెట్టు మీద కూర్చుంది. "'నీవు తలుపు వద్ద ఉందువు గదా' అని అడిగినది. నేను ఉందునని చెప్పితిని. ఆరు మార్లు చెప్పితిని."

జాహేదాకు తన పెళ్ళయిన నెల గుర్తొచ్చింది. కోస్గి నుంచి బస్సులో ఒక్కదాన్నే పంపారు, దిగగానే అహ్మద్ అలీ ఉంటాడన్నారు. గూడ్స్ షెడ్డులో పని తెమలక అతను రాలేదు. ఇనప పెట్టె మీద కూర్చుని పొద్దు వాలేదాకా ప్రతి మగ మొఖాన్నీ చూసింది. అప్పటికింకా పడుచుపిల్ల. మొఖాలు చూసి లెక్కలు కట్టడం ఆనాడే మొదలైందేమో. ఆ తర్వాత అతను వచ్చి నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. కానీ ఆ మూడు గంటలు ఆమె ఎన్నడూ అతనికి మాఫీ చేయలేదు.

"లేవు బిడ్డా" అంది. "నన్ను గూడ లేపు."

అంజయ్య తెల్ల కాగితం ఇచ్చాడు. జాహేదా పరీక్ష అట్ట ఒడిలో పెట్టుకుంది. ఎంతమందికో రాసిన చెయ్యి తన పేరు కాడ ఆగింది. జాహేదా బేగం, మర్హూమ్ అహ్మద్ అలీ భార్య. ఎదుటి మనిషిని అడగకుండా వయసు నేనే వేసినాను, ఇందులో ఆమె తప్పు లేదు. గుమస్తా గారి తప్పు కూడా లేదు. ఆ చివరి మాట అంజయ్య అడగలేదు, ఆమే రాసింది. అతను చదువుకుని, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

"నీ వయసు రాయలే."

"నాదా?"

"కాయితమన్నంక వయసుండాలె గద."

జాహేదా ఆలోచించింది. ఎవరి లెక్కయినా రజాకార్ల నాటి నుంచో కరువు నాటి నుంచో కట్టగలదు. తన లెక్క ఎవరూ కట్టి చెప్పలేదు. అమ్మ చెప్పిందొకటి ఉంది, తాను పుట్టిన ఏడు మూసీలో నీళ్ళు వచ్చాయని. మూసీలో నీళ్ళు రాని ఏడేది?

అంజయ్యకు వెనక వరుస కనబడుతోంది. ఆమె మెడ చూశాడు, చేతుల కణుపులు చూశాడు, చెవుల పక్క వెంట్రుకలు చూశాడు. "యాభై ఎనిమిది రాయి" అన్నాడు.

ఆపా అని పిలిచే రజాక్ వయసు నలభై మూడు, ఆ లెక్కన ఆమెకు యాభై దాటి ఉండవు. జాహేదా పెన్ను ఒక్క క్షణం ఆపింది. తర్వాత యాభై ఎనిమిది రాసి, సిరా ఆరాలని ఊదింది.

సాయంత్రం బండి ముప్పావుగంట లేటు. జాహేదా ఇంటికి పోవలసింది, పోలేదు. ప్లాట్‌ఫారం బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. జాహేదా పెరుగన్నం గిన్నెలో తెచ్చింది, ఉప్పు వేయకుండా. హెండ్రికా నాలుగు ముద్దలు తిన్నది, కడుపు ఏమంటుందోనని ఆగింది, కడుపు ఏమీ అనలేదు, ఇంకో నాలుగు తిన్నది.

"ఆ కాగితములో మీరు ఏమి వ్రాసితిరి?"

"ఏం లేదు. రైలోళ్ళకు కాయితాలు తినే అలవాటు. ఒకటి పెట్టిన."

బండి వచ్చింది. టీసీ టిక్కెట్టు చూశాడు, పాస్‌పోర్టు చూశాడు, టిక్కెట్టు తిప్పి ముద్ర చూశాడు, హెండ్రికాను చూశాడు, కిటికీ బయట నిలబడ్డ జాహేదాను చూశాడు. ఏదో అడగబోయి, లేటయిన బండి గదా, ముందుకు పోయాడు. కింది బెర్తు. డబ్బాలో మరుగుదొడ్డికి నాలుగడుగులు. బండి కదిలాక జాహేదా బల్ల మీద కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. ఇంటికి రోజూ పావుగంట, ఆనాడు ముప్పావుగంట పట్టింది. సగం దూరం బండి తోడొచ్చినట్టే ఉంది చెవుల్లో.

శనివారం మధ్యాహ్నం రజాక్ దుకాణం ఫోన్‌కు బెంగళూరు నుంచి కాల్ వచ్చింది. రజాక్ మనిషిని పంపితే జాహేదా వచ్చేసరికి పది నిమిషాలు. అప్పటిదాకా హెండ్రికా లైను పెట్టకుండా పట్టుకునే ఉంది. "నేను తలుపు వద్ద ఉంటిని" అంది. తర్వాత ఇంకో గొంతు వచ్చి, తెలియని భాషలో ఏదో పొడుగ్గా చెప్పింది. జాహేదా "అచ్ఛా, అచ్ఛా" అంటూ పూర్తిగా విన్నది. ఫోన్ పెట్టాక రజాక్ అడిగాడు, ఏమన్నదని.

"నాకేం దెలుసు? ఏడ్చుడైతే లేదు, గది సాలు."

డివిజన్ ఆఫీసు రెండు వారాలు తీసుకుంది. వరండాలో అనుమతి లేని వ్యక్తులు కూర్చోరాదని కాగితం వచ్చింది. అంజయ్య దాన్ని గోడకు తానే అంటించాడు, సరిగ్గా ఆమె వీపు ఆనే చోట కాకుండా జానెడు పక్కకు. స్టూలు మోసి గేటు బయట మల్లప్ప ఛాయ్ డబ్బా రేకు కింద పెట్టింది కూడా అతనే. "ఏడాదిన్నర ఆగితె నేను గూడ నీ పక్కకే వస్త" అన్నాడు. జాహేదా నవ్వింది గానీ ఓపిక చేసుకుని నవ్వింది.

రేకు కింద ఎండ తొమ్మిదికే మొదలవుతుంది. ఛాయ్ పొగ కండ్లలోకి కొడుతుంది. ఫారాలు నింపించుకునేవాళ్ళు గేటు దాకా వెతుక్కుంటూ వస్తూనే ఉన్నారు. కానీ జాహేదా చెయ్యి వయసు గడి దగ్గరకు రాగానే ఆగుతోంది. అడుగుతోంది. మళ్ళీ రజాకార్లు, మళ్ళీ కరువులు, ఒక్కొక్కరికి పది నిమిషాలు.

ఒకనాడు కోస్గి నుంచి సాలమ్మ వచ్చింది. ఏడాదికోసారి తిరుపతి పోతుంది, ఏడాదికోసారి జాహేదాతోనే రాయిస్తుంది. రేకు కింద చతికిలబడి, చెంగుతో మొఖం తుడుచుకుని, ఎదురు చూసింది. జాహేదా పేరు రాసింది, ఊరు రాసింది, పెన్ను ఎత్తింది.

"ఎన్నేండ్లు అవ్వా నీకు?"

సాలమ్మ నమ్మలేనట్టు చూసింది. "గిదేందే జాహేదా? పదేండ్ల సంది నా మొఖం జూసి రాస్తివి, ఎన్నడన్న అడిగినవా? నాకెట్ల దెలుస్తది? గీ ఎండల కూసోబెట్టి గిప్పుడు నన్నడుగుతున్నవ్, నీకేం రోగమొచ్చె?"

జాహేదా కళ్ళ మీది చెమట తుడుచుకుని, అట్ట ఒడిలో సర్దుకుంది.

"నా సూపుకే వయసు మీద పడ్డదవ్వా, నీది నువ్వే జెప్పు."